గానుగ చాటున గిద్యోను

పెద్దలారా, సోదరీ సోదరులారా,

గిద్యోను యుద్ధకథ బైబిలులోని న్యాయాధిపతుల గ్రంథం 6వ అధ్యాయంలో ఒక ద్రాక్షగానుగ, అంటే ద్రాక్షపళ్లు తొక్కే తొట్టి దగ్గర మొదలవుతుంది. మిద్యానీయులు ఏడేళ్లుగా ఇశ్రాయేలీయుల పంటల మీద పడి దోచుకుంటుంటే, ఒఫ్రాలో అతడు వారి కంటపడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నాడు. సేద్యం ఎరిగినవారికి ఆ అవస్థ వెంటనే అర్థమవుతుంది. కళ్లం గాలి ఆడే మెరక మీద ఉండాలి. తూర్పారబట్టినప్పుడు పొట్టు ఎగిరిపోయి గింజ కింద పడాలి. గాలి సోకని తొట్టిలో లేచిన పొట్టంతా తిరిగి మనిషి కళ్లలోనే పడుతుంది. భయం మన చేత చేయించే పనులన్నీ ఇలాగే ఉంటాయి. అలా ఉన్నవాణ్ణే దేవదూత “పరాక్రమముగల బలాఢ్యుడా” అని పిలిచాడు.

ఈ కథలను లోపలి పోరాటాలుగా చదవడం కొత్త సంగతి కాదు. ఆ యుద్ధాలు ఆత్మలో జరిగే యుద్ధాలకు గురుతులు కాకపోతే, శాంతిని బోధించిన క్రీస్తు శిష్యులకు ఆ గ్రంథాలను అపొస్తలులు అప్పగించి ఉండేవారే కారని 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెన్ యెహోషువ గ్రంథంపై చేసిన ప్రసంగాల్లో వాదించాడు. మిద్యానీయుణ్ణి పొరుగింటిలో వెతకడం మొదలుపెడితే ఎంత కీడు జరుగుతుందో తెలిసినవాడిగా నేను ఆయన పక్షానే నిలబడతాను.

మిద్యానీయుల మీదికి గిద్యోను కూర్చిన సైన్యం హరోదు అనే బావి దగ్గర దిగింది. హీబ్రూలో ఆ పేరు వణుకును తలపిస్తుంది. ఆ బావి దగ్గర, భయపడి వణికేవారు వెళ్లిపోవచ్చు అనగానే 32,000 మందిలో 22,000 మంది వెనుదిరిగారు. నీళ్లు తాగే తీరును బట్టి మనుషులను ఏరిన పరీక్ష తరువాత మిగిలినది 300 మంది. అయితే నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేది ఆ రాత్రి దేవుడు నాయకుడితో అన్న మాట: దండు మీదికి పోవడానికి నీకు భయమైతే, నీ పనివాడైన పూరాను వెంటబెట్టుకుని వెళ్లు. గిద్యోను పూరాను తీసుకునే వెళ్లాడు! ఇంటికి పోయిన 22,000 మందిలోని వణుకు అతనిలోనూ ఉంది. దానికి మందలింపు రాలేదు, ఒక తోడు దొరికింది. చీకటిలో నక్కి విన్నప్పుడు, యవల రొట్టె ఒకటి దొర్లివచ్చి గుడారాన్ని కూల్చినట్టు కలగన్నానని శత్రువు తన చెలికాడికి చెబుతున్నాడు. అది గిద్యోను ఖడ్గమేనని ఆ చెలికాడు అన్నాడు. ఇన్నాళ్లూ ఎవరికి జడిసి గానుగ చాటున దాగాడో, వారి నిద్రలో తన పేరే భయమై తిరుగుతోందని అతనికి అప్పుడు తెలిసింది.

ఆ 300 మంది బూరలు, వట్టి కుండలు, దివిటీలతోనే శత్రుదండును బెదరగొట్టి తరిమిన ఘట్టం మీకందరికీ తెలిసిందే. మన ప్రసంగాలు సాధారణంగా అక్కడే ఆగిపోతాయి, అది నాకు బాధ కలిగిస్తుంది. 8వ అధ్యాయంలో గెలిచిన గిద్యోను తన సైనికులకు రొట్టెలు ఇవ్వని సుక్కోతు ఊరి పెద్దలను ముళ్లకంపలతో శిక్షించాడు, 1,700 తులాల బంగారంతో ఏఫోదు, అంటే యాజకుడు ధరించే వస్త్రం లాంటిది, చేయించాడు. జనం దాన్నే పూజించడంతో అది అతనికీ అతని ఇంటివారికీ ఉచ్చు అయింది. దాన్ని నిలిపినది కూడా ఒఫ్రాలోనే, తాను గానుగ చాటున దాగిన ఊళ్లోనే.