కంటి ముందు తేలే మచ్చలు: ఎప్పుడు ఓర్చుకోవాలి, ఎప్పుడు పరుగెత్తాలి

అందరికీ నమస్కారం.

ఆకాశం వైపో, సున్నం కొట్టిన గోడ వైపో చూసినప్పుడు కంటి ముందు నల్ల చుక్కో, దారపు పోగో తేలుతున్నట్టు మీలో చాలామందికి కనబడుతూ ఉంటుంది. పట్టి చూద్దామంటే పక్కకు జారిపోతుంది. డాక్టర్లు వీటిని ఫ్లోటర్స్ అంటారు.

కంటిగుడ్డు లోపల సుమారు 4 మిల్లీలీటర్ల జెల్ ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. అందులో 98 శాతం దాకా నీరే, మిగతాది సన్నటి కొలాజెన్ పోగులూ అలాంటి పదార్థాలూ. వయసు పెరిగేకొద్దీ జెల్ నీరుగారిపోయి పోగులు ముద్దకడతాయి. వాటి నీడ కంటి వెనకనున్న రెటీనా మీద, అంటే వెలుతురును పట్టే పలచటి పొర మీద పడుతుంది. మీకు కనబడేది ఆ నీడే. అందుకే కన్ను ఎంత కడిగినా అది పోదు. కరిగించే చుక్కల మందు గానీ మాత్ర గానీ లేదు. పసర్లు, తేనె వేశారంటే కొత్తగా ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నట్టే. దయచేసి వేయకండి.

50 దాటాక చాలామందికి ఆ జెల్ రెటీనా నుంచి ఊడి వస్తుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకా ముందే ఊడొచ్చు. ఎక్కువమందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం గట్టిగా అంటుకున్న చోట జెల్ లాగి, రెటీనా చిరుగుతుంది. ఉన్నట్టుండి మచ్చలో, మెరుపులో కనబడి వచ్చినవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరిలో చిరుగు దొరుకుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే రెటీనా ఊడిపోతుంది. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. నొప్పి లేదు కదా అని ఆగడంలోనే చూపు పోతుంది.

కాబట్టి మచ్చ ఎంత పెద్దదన్నది కాదు, ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. ఒక్కసారిగా మచ్చలు గుంపుగా వచ్చినా, చీకట్లో మెరుపులు కనబడినా, ఒక పక్క తెర దించినట్టు చూపు మూసుకుపోయినా అదే రోజు వెళ్లాలి. షుగరున్నవాళ్లకు హఠాత్తుగా పొగలా కమ్మితే లోపల రక్తం కారి ఉండొచ్చు. మచ్చలతో పాటు నొప్పి, ఎరుపు ఉంటే వాపు కావచ్చు. అప్పుడూ ఆగకూడదు.

తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రిలో కంటి విభాగం ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. ముందు ఫోన్ చేసి రెటీనా డాక్టరు ఉన్నారా అని అడగండి. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి, రెటీనా అంచుల దాకా చూడాలి. అద్దాల పవర్ చూసి పంపేస్తే సరిపోదు. పాప విచ్చుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది. చిత్తూరు నుంచి బండి మీద వచ్చి మళ్లీ మీరే తోలుకుపోదామనుకోకండి, తోడు తెచ్చుకోండి. బాగుందన్నా 4 నుంచి 6 వారాలకు మళ్లీ చూపించాలి, చిరుగు ఆలస్యంగానూ రావచ్చు. చిరుగు దొరికితే దాని చుట్టూ లేజర్ వేస్తారు. ఆ అతుకు గట్టిపడడానికి రెండు వారాలు పడుతుంది.

పరీక్షలో అంతా బాగుండి, మచ్చ మాత్రం మిగిలితే? ఆరు నెలలు ఓర్చుకోమనే మా సలహా. మచ్చ కిందికి జారుతుంది, మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఎండలో కూలింగ్ గ్లాసులు పెట్టుకోండి, ఫోన్ వెలుతురు తగ్గించండి, మచ్చ అడ్డొచ్చినప్పుడు కళ్లు పైకీ కిందికీ కదపండి.

అప్పటికీ చదవలేకపోతున్నా, బండి తోలలేకపోతున్నా రెండు దారులున్నాయి. మొదటిది యాగ్ లేజర్, మచ్చను లేజర్‌తో చెదరగొట్టే పద్ధతి. ఇది అందరికీ పనికిరాదు. రెటీనాకూ లెన్సుకూ దూరంగా, విడిగా ఉన్న ఉంగరంలాంటి మచ్చకే నప్పుతుంది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో లేజర్ వేసినవాళ్లలో సగానికి కాస్త ఎక్కువమంది కుదుటపడ్డారు, మిగతావాళ్లకు చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. రెండోది విట్రెక్టమీ, జెల్‌నే తీసేసే ఆపరేషన్. మచ్చలు దాదాపు పూర్తిగా పోతాయి. కానీ 50 దాటి సొంత లెన్సు ఉన్నవాళ్లకు ఒకటి రెండేళ్లలో శుక్లం రావడం మామూలే. రెటీనా ఊడడం, ఇన్‌ఫెక్షన్ అరుదైనా చూపుకే ప్రమాదం. బాగా కనబడే కంటికి ఈ ఆపరేషన్ అంటే తొందరపడకూడదు.

మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఏ రెటీనా ఆపరేషన్‌లోనైనా కంట్లో గ్యాస్ బుడగ పెడితే, అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు. తిరుమల కొండకూ డాక్టరును అడగకుండా వెళ్లకండి. ఎత్తుకు పోయేకొద్దీ గ్యాస్ ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. బుడగ కరగడానికి గ్యాస్ రకాన్ని బట్టి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పట్టొచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక్కో కన్ను మూసి చూసుకుని, ఏ కంట్లో, ఏ రోజు నుంచి, మెరుపులున్నాయా, షుగర్ ఉందా, ముందు ఏ ఆపరేషన్ అయింది అనేవి కాగితం మీద రాసుకెళ్లండి.