క్లాసులో రివిజన్‌కి ఏ క్విజ్ యాప్ వాడాలి? నేను వాడి చూసిన నాలుగు

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పదో తరగతి రివిజన్ మొదలయ్యే రోజుల్లో తోటి టీచర్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "మేడమ్, ఆన్‌లైన్ క్విజ్ పెట్టాలంటే ఏది మంచిది?" కహూట్, క్విజిజ్, గూగుల్ ఫామ్స్, ప్లిక్కర్స్... ఈ నాలుగూ నా క్లాసులో వాడి చూశాను. వాటి గురించి చెప్పే ముందు మీకు ఒక ప్రశ్న చూపించాలి. ఏ యాప్ చేతికొచ్చినా నేను ముందు ఈ ప్రశ్నే పెట్టి చూస్తాను.

ఇదిగో, స్క్రీన్ మీద. కుంభాకార కటకం, అంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే లెన్స్, సగభాగాన్ని నల్ల కాగితంతో మూసేశాం. తెర మీద ప్రతిబింబం ఎలా ఉంటుంది? ఏ, సగం ప్రతిబింబమే పడుతుంది. బి, పూర్తి ప్రతిబింబం పడుతుంది, వెలుగు తగ్గుతుంది. సి, అసలు ప్రతిబింబమే రాదు. డి, ప్రతిబింబం సైజు సగానికి తగ్గుతుంది.

జవాబు బి. కటకంలో ఏ ముక్క తీసుకున్నా వస్తువు మొత్తం నుంచీ దాని మీద కాంతి పడుతుంది. కాబట్టి మిగిలిన సగం కూడా బొమ్మను పూర్తిగానే చూపిస్తుంది, కాస్త మసకగా. కానీ పాఠం శ్రద్ధగా విన్న పిల్లలు కూడా ఏ అంటారు. కటకం పై సగం బొమ్మలో పై సగాన్ని తయారు చేస్తుందని వాళ్ల ఊహ. డి అన్న పిల్లాడి పొరపాటు వేరు. వాడికి వస్తువు ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ప్రతిబింబం సైజు మారుతుందన్న సంగతే మళ్లీ చెప్పాలి. ఇద్దరికీ సున్నా మార్కులే, కానీ ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటి కాదు. ఎవరు ఏ ఆప్షన్ పెట్టారో నాకు అప్పటికప్పుడు తెలియాలి. ఆలోచించుకోవడానికి పిల్లలకు టైమ్ ఉండాలి. తప్పు రాసినవాడికి ఎందుకు తప్పో తెలిసే దారి ఉండాలి. నేను యాప్‌ని తూచేది ఈ మూడింటితోనే. రంగులూ మ్యూజిక్కూ ఆ తర్వాత.

అసలు క్విజ్ ఎందుకు, ఇంకోసారి చదివిస్తే సరిపోదా అంటారు కొందరు. దీని మీద అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా రాశారు. 5 నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష ముందు రోజు చదివింది పరీక్ష అయ్యాక ఎందుకు ఎగిరిపోతుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

సరే, కహూట్‌తో మొదలుపెడదాం. నార్వేలో పుట్టింది, 2013 నుంచి జనంలో ఉంది. ప్రశ్న పెద్ద తెర మీద కనిపిస్తుంది. పిల్లలు తమ దగ్గరున్న ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో పిన్ కొట్టి చేరి ఎర్ర త్రిభుజం, నీలం డైమండ్, పసుపు వృత్తం, ఆకుపచ్చ చదరం, వీటిలో ఒకటి నొక్కుతారు. క్లాసులో ఊపు తేవడంలో దీన్ని మించింది నేను చూడలేదు. నా అభ్యంతరమల్లా మార్కుల పద్ధతి మీద. మామూలుగా ఒక ప్రశ్నకు గరిష్ఠంగా 1000 పాయింట్లు. వెంటనే నొక్కితే దాదాపు అన్నీ వస్తాయి, సరైన జవాబే చివరి సెకనులో నొక్కితే దాదాపు 500 వస్తాయి. అంటే ఆగి ఆలోచించిన పిల్లకు సగమే. మన కటకం ప్రశ్నకు 20 సెకన్లు చాలవండీ. తెలుగు మీడియం పిల్లలు ప్రశ్న చదివి నాలుగు ఆప్షన్లు చూసేసరికే అయిపోతాయి. సెట్టింగుల్లో టైమ్ పెంచుకోవచ్చు, పాయింట్లు పూర్తిగా తీసేయొచ్చు. ఆ రెండూ చేశాకే వాడండి. సంకేతాలు, ప్రమాణాలు, ఫార్ములాలు, ఇలా టక్కున రావాల్సిన బిట్లకు కహూట్ చక్కగా సరిపోతుంది. కాన్సెప్ట్ ప్రశ్నలకు మాత్రం నేను వాడను.

తర్వాత క్విజిజ్. 2015లో బెంగళూరులో మొదలైంది, 2025లో పేరు వేగ్రౌండ్ అని మార్చుకుంది. పాత పేరుతో వెతికి దొరకలేదని కంగారు పడకండి. ఇందులో ప్రశ్న ప్రతి పిల్లాడి తెర మీదా కనిపిస్తుంది, ఎవరి వేగంతో వాళ్లు వెళ్లొచ్చు. హోంవర్క్‌గా ఇచ్చి గడువు పెట్టొచ్చు. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది తప్పారో రిపోర్టులో చూపిస్తుంది. కంప్యూటర్ ల్యాబ్ బాగా నడిచే స్కూలైతే నా ఓటు దీనికే. ఇతరులు చేసిన క్విజ్‌లు అందులో వేలకొద్దీ ఉంటాయి, కానీ తీసుకునే ముందు ప్రతి ప్రశ్నా మీరు చదవాలి. సరైన జవాబు దగ్గర తప్పు ఆప్షన్‌కి టిక్ పెట్టి ఉన్నవి నాకు ఎదురయ్యాయి.

ఇక గూగుల్ ఫామ్స్. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది, కానీ ఇంటికి ఇచ్చే క్విజ్‌కి నేను ఎప్పుడూ దీన్నే వాడతాను. మా పిల్లల్లో చాలామందికి ఫోన్ దొరికేది రాత్రి నాన్న పని నుంచి వచ్చాకే. లింక్ వాట్సాప్‌లో పంపిస్తే వాళ్లకు కుదిరినప్పుడు చేస్తారు. కొత్త యాప్ వేసుకోనక్కర్లేదు, మెయిల్ ఐడీ అడగకుండా సెట్ చేసుకోవచ్చు.

దీంట్లో చాలామంది తెరవని చోటు ఒకటుంది. ఫామ్‌ని క్విజ్‌గా మార్చాక ప్రతి ప్రశ్న కింద జవాబుల కీ ఉంటుంది. దాన్ని నొక్కితే తప్పు జవాబు పెట్టినవాళ్లకు ఏం కనిపించాలో రాసే పెట్టె వస్తుంది. అక్కడ "మళ్లీ ప్రయత్నించు" అని రాయొద్దు. నేను ఇలా రాస్తాను: "కొవ్వొత్తి మంట కొన నుంచి బయల్దేరిన కాంతి కటకం మీద ఎక్కడెక్కడ పడుతుంది? కింది సగం మీద పడదా? గీసి చూడు." వీడియో లింక్ కూడా పెట్టొచ్చు. ఇంకో అడుగు ముందుకెళ్లి, ఏ ఆప్షన్ పెడితే ఏ సెక్షన్‌కి వెళ్లాలో కూడా చెప్పొచ్చు. కటకం ప్రశ్నకు 'ఏ' పెట్టిన పిల్లకు ఒక వివరణ, 'డి' పెట్టిన పిల్లాడికి ఇంకొకటి. తయారీకి ఒక సాయంత్రం పడుతుంది, కానీ ఏటా పనికొస్తుంది.

తెలుగులో క్విజ్ తయారుచేసేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మన పాత బిట్ బ్యాంకులు చాలావరకు అనూ ఫాంట్లలో, అంటే డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి. అవి కాపీ చేసి పేస్ట్ చేస్తే అర్థం కాని గుర్తులొస్తాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా ఫోన్‌లో మాట్లాడి టైప్ చేయించుకోవాలి. రెండోది ఖాళీలు పూరించే ప్రశ్నలు. "కిరణజన్య సంయోగక్రియ" అని మీరు కీలో పెట్టారనుకోండి. ఒక పాప మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాసింది. జవాబు కరెక్టే, యాప్ తప్పు అంటుంది. నా క్లాసులో ఒక అమ్మాయి స్క్రీన్‌షాట్ తీసి తెచ్చి, "మేడమ్, నేను రాసింది తప్పా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఖాళీల ప్రశ్నల్లో రాయడానికి వీలున్న రూపాలన్నీ కీలో చేరుస్తున్నాను. తెలుగులో అయితే వీలైనంత వరకు ఆప్షన్లే ఇవ్వండి.

చివరిది ప్లిక్కర్స్. ఈ వీడియో నేను చేయడానికి అసలు కారణం ఇదే. ఒకసారి మోడల్ ఇన్‌స్పెక్షన్ రోజున ఫోన్లతో నడిచే ఒక క్విజ్ పెట్టాను. మూడో ప్రశ్న దగ్గర నెట్ పోయింది. పిల్లలంతా తిరుగుతున్న చక్రం చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాతే దీని సంగతి కనుక్కున్నాను. పిల్లల చేతిలో ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికీ ఒక కాగితం కార్డు, దాని మీద చదరపు నల్ల బొమ్మ. బొమ్మకు నాలుగు వైపులా ఏ, బి, సి, డి అని చిన్న చిన్న అక్షరాలు. తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. నేను నా ఫోన్ కెమెరాతో క్లాసు ఈ చివర నుంచి ఆ చివరకు చూపిస్తే చాలు, ఎవరి జవాబు ఏంటో ఫోన్ చదివేస్తుంది. నెట్ కావాల్సింది నా ఒక్క ఫోన్‌కే. ఏ ఇద్దరి బొమ్మలూ ఒకేలా ఉండవు కాబట్టి పక్కవాడి కార్డు చూసి తన కార్డు తిప్పడం కుదరదు. అందుకే చెయ్యెత్తమంటే అటూ ఇటూ చూసే పిల్లలు కూడా దీంట్లో సొంత జవాబే పెడతారు.

మన కటకం ప్రశ్న దీంతో పెట్టాను. సగానికి పైగా ఏ. నేను జవాబు చెప్పలేదు. "పక్కవాళ్లకు మీ కారణం చెప్పండి, రెండు నిమిషాలు" అన్నాను. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల నుంచి నడిపిన పద్ధతి ఇది: ముందు ఓటు, తర్వాత పక్కవాళ్లతో చర్చ, మళ్లీ ఓటు. రెండోసారి కార్డులు లేచేసరికి బి వైపు చాలామంది తిరిగారు. అప్పుడు కిటికీలు మూసి, కొవ్వొత్తి వెలిగించి, కటకం మీద కాగితం అడ్డం పెట్టాను. గోడ మీద మంట మసకబారింది, తెగలేదు. వెనక బెంచీలోంచి ఒకడు "మొత్తం ఉంది మేడమ్!" అని లేచి నిలబడ్డాడు. ఏ పెట్టి, రెండోసారి కూడా మారకుండా ఏ దగ్గరే ఉన్న పిల్లాడు వాడు. ఫోన్‌లో వాడి నంబర్ ఎదురుగా ఏ అని నాకు కనిపిస్తూనే ఉంది కాబట్టి కాగితం వాడి చేతికే ఇచ్చి మళ్లీ చేయించాను.

దీనికీ లోటుంది. పెద్ద జవాబులు రాయించలేం, నాలుగు ఆప్షన్లే. వెలుతురు తక్కువైతే కెమెరా వెనక బెంచీల కార్డులు పట్టుకోదు. అయినా పిల్లల దగ్గర ఫోన్లు లేని క్లాసుకి నేను ముందు చెప్పేది ఇదే. వేగ్రౌండ్‌లో కూడా ఇలాంటి కాగితం కార్డుల పద్ధతి ఉంది, ఇప్పటికే అందులో ఖాతా ఉంటే అదే ప్రయత్నించండి. ఉచిత ఖాతాలో ఎన్ని ప్రశ్నలు, ఎంతమంది అనేది ఏ కంపెనీ అయినా మారుస్తూ ఉంటుంది, మొదలుపెట్టే రోజు ఒకసారి చూసుకోండి.

ఏది వాడినా పిల్లల పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కించకండి. రోల్ నంబర్ చాలు. మార్కుల పట్టిక తెర మీద అందరికీ చూపించడం కూడా నేను మానేశాను. అట్టడుగున తన నంబర్ చూసుకున్న పిల్ల ఆ పూట ఇంకేమీ వినదు.

కార్డుల సంగతి చెప్పి ముగిస్తాను. ప్లిక్కర్స్ సైట్‌లో పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది, 40 కార్డుల సెట్. మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, పాత శుభలేఖల అట్ట మీద అంటించండి. మెరిసే ల్యామినేషన్ చేయించొద్దు, వెలుతురు పడి తళుక్కుమంటే కెమెరా చదవలేదు. కార్డు పట్టుకున్నప్పుడు వేళ్లు నల్ల బొమ్మ మీదికి రాకుండా అంచుల దగ్గర పట్టుకోమని మొదటి రోజే చూపించండి. కార్డు నంబర్, రోల్ నంబర్ ఒకటే అయ్యేలా పెట్టుకుంటే పంచడం కూడా తేలిక. మా దగ్గర కట్ట క్లాస్ లీడర్ దగ్గర ఉంటుంది, బెల్ కొట్టేలోపు పంచేస్తుంది.