ఆ 21 మార్కుల సంగతి

సభకు నమస్కారం. అధ్యక్షులవారు పది నిమిషాలే ఇచ్చారు, అందుకని వేదిక మీది పెద్దల పేర్లు చదవను. మన్నించాలి.

ముందొక పేచీ తీర్చుకోవాలి. ఎక్కడ తుపాకీ పేలినా మన పత్రికలు 'జాతుల పోరు' అని హెడ్డింగ్ పెట్టేస్తాయి. ఏ జాతండీ? జాతీయ జెండాలోదీ జాతే, తెలుగు జాతీ జాతే. దేశం, భాష, తెగ అన్నీ ఒకే గోనెసంచిలో కుక్కి, 'ఇన్ని రకాల జనముంటే కొట్టుకోరా మరి' అని తేల్చేస్తారు.

రకాలను కొలిచే లెక్క ఒకటుంది. ఒక్కో సమూహం వాటాను దానితోనే గుణించి, అన్నీ కూడి, 1లోంచి తీసేయాలి. వచ్చింది 1కి ఎంత దగ్గరైతే రకాలు అంత ఎక్కువన్నమాట. చెరిసగంగా రెండుంటే 0.5. పది శాతం చొప్పున పదుంటే 0.9. రువాండాలో హుటూలు 85, టుట్సీలు 14, ట్వాలు 1 శాతమనుకుంటే 0.26 కూడా రాదు. 1994లో అక్కడ టుట్సీలను ఊచకోత కోశారు, తెలుసు కదా! బెల్జియం పాలకులు 1930లలో గుర్తింపు కార్డు మీద జాతి రాయించారు. అరవయ్యేళ్ల తర్వాత రోడ్డడ్డాల దగ్గర హంతకులు అడిగింది ఆ కార్డే. టాంజానియాలో 120కి పైగా తెగలున్నాయి, అంతర్యుద్ధం లేదు. సోమాలియాలో దాదాపు అందరిదీ ఒకే భాష, ఒకే మతం. 1991లో ప్రభుత్వమే కూలింది.

ఎంట్రన్స్ రాసే పిల్లల తల్లిదండ్రులు చేతులెత్తండి. ఇది మీకోసమే. శ్రీలంకలో 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాష చేశారు. 1971లో మెడిసిన్ కటాఫ్, 400కి, సింహళ మీడియానికి 229, తమిళ మీడియానికి 250. ఇరవయ్యొక్క మార్కులు! తమిళులుండే జాఫ్నాలో బళ్లు మెరుగు, వెనకబడిన ప్రాంతాలకూ సీట్లు కావాలన్న వాదనలో న్యాయముంది. అయితే కటాఫ్‌ను ఊరి వెనకబాటుకు కాకుండా భాషకు ముడేశారు. జిల్లా కోటా వచ్చేసరికి 1974. తమిళ పిల్లల దృష్టిలో మార్కులు పోయింది తమిళుడైనందుకే. 1983లో అంటుకున్న యుద్ధం ముగిసేసరికి 2009.

మరి 1969లో మన ఊళ్లో? తెలంగాణ, ఆంధ్ర, ఇరువైపులా తెలుగే. గొడవ ముల్కీ నిబంధన మీద, అంటే పదిహేనేళ్లు ఇక్కడ నివాసముంటేనే సర్కారు కొలువు. అది అంతర్యుద్ధం కాలేదు. ఎన్నికలు, కోర్టులు, బేరాలు ఉన్నాయి. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు ఆరు జోన్లు గీసి స్థానిక కోటా పెట్టింది. అమలు సంగతంటారా, పదేళ్లకే, కోటా దాటి వచ్చినవాళ్లను వెనక్కి పంపమన్న 610 జీవో ఎందుకు రావలసి వచ్చిందో ఈ హాల్లోని ఉద్యోగ సంఘాలవాళ్లకు నేను చెప్పాలా?

బెల్లు కొట్టారు. సెలవు.