దీవుల్లో జన్యు పరీక్షలు (మళ్ళీ ఐరన్ దగ్గరే ఆగాం)

శీను: ఈ రోజు దీవుల్లో జన్యు పరీక్షలు.

సుజాత: ముందు ఆర్క్నీ. స్కాట్లాండ్‌కి ఉత్తరాన. అవ్వాతాతలు అక్కడోళ్ళయిన దాదాపు వందమందిలో ఒకరికి బీఆర్‌సీఏ1 అనే జన్యువులో ఒకే లోపం ఉందని 2023లో బయటపెట్టారు. చాలామంది వంశం వెస్ట్రే దీవికి చేరతాది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు.

శీను: మేనరికాల వల్లనే గదా?

సుజాత: కాదయ్యా! దానికి ఒక్కరి నుంచి వచ్చినా చాలు. పాతకాలంలో ఉండింది కొద్దిమంది, ఒకరి లోపం అంతా పాకింది. అట్లాంటిక్‌లో ఉండే ఫారో దీవుల జబ్బు వేరు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ రావాల. కొవ్వుని శక్తిగా మార్చుకోడానికి కావాల్సిన కార్నిటిన్ కణాల్లోకి పోదు, సుమారు 300 మందిలో ఒకరికి. గుండె ఉన్నట్టుండి ఆగొచ్చు. ఎల్-కార్నిటిన్ ఇస్తే నిలబడతారు. పివలేట్ అనే రసాయనం ఉన్న యాంటీబయాటిక్‌లు ఉన్న కార్నిటిన్‌నీ తోడేస్తాయి.

శీను: మన పులికాట్ సరస్సులో? భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి పడవలో పోయి తలసీమియాకి, అదే వంశంలో వచ్చే ఆ రక్తం జబ్బుకి, క్యాంపు పెట్టాలంటే?

సుజాత: ముందు ఐరన్.

శీను: మళ్ళీ నీ ఐరన్ వచ్చేసింది!

సుజాత: రాదా మరి? ఎంసీవీ, అంటే ఎర్రకణం సైజు, 80 కింద, ఎంసీహెచ్, అంటే కణంలో హిమోగ్లోబిన్, 27 కింద ఉంటే తలసీమియా అనుమానం. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో ఏ2 రకం 3.5 శాతం దాటితే బీటా క్యారియర్, అంటే జబ్బు లేకపోయినా బీటా తలసీమియా లోపం మోసేవాళ్ళు. ఐరన్ బాగా తక్కువుంటే ఆ ఏ2 దిగిపోతాది. 3.3 చూసి నార్మల్ అని రాసిచ్చేస్తారు. ఆ పిల్ల ఇంకో క్యారియర్‌ని చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే ముప్పు నాలుగోవంతు.

శీను: ఐరన్ మాత్రలు మూణ్ణెల్లు మింగించి మళ్ళీ రక్తం తీయాలంటే, పడవలో రెండోసారి ఎవరు పోతారక్కా? ఉన్న శాంపిల్‌తోనే తేల్చాల.

సుజాత: ఒక్క ట్యూబుతో తేలదు. ఒకే సూదితో రెండు తీసుకో. ముందు ఐరన్ చూసే సీరానికి ఎర్రమూత, తర్వాత కణాలు, ఏ2 చూసేదానికి ఊదా.

శీను: మూతల గొడవ వద్దని మొన్ననే ఒప్పుకున్నాం.

సుజాత: ఊదా ముందు తీస్తే దాన్లో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ ఇంకోదాన్లోకి చేరి లెక్క చెడతాది. ఊదా ట్యూబుని ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యి. మజ్జిగ చిలికినట్టు ఊపితే కణాలు పగుల్తాయి. ఐస్‌కి నేరుగా తగిలినా పగుల్తాయి. నడమ గుడ్డ పెట్టు, 2 నుంచి 8 డిగ్రీలు.

శీను: అందరికీ ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేస్తే డబ్బు?

సుజాత: అందరికీ ఎందుకు? సీరం దాచి, ఎంసీవీ తగ్గినోళ్ళదే చెయ్యి.

శీను: సరే, ఇది ఒప్పుకుంటా. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నోళ్ళకి?

సుజాత: మూణ్ణెల్లలోపైతే దాత రక్తం కలిసి ఫలితం మోసం చేస్తాది. తల్లిదండ్రుల్ని పరీక్షించు.

శీను: గర్భిణికి ఐరన్ మాత్రలిచ్చి మూణ్ణెల్లు ఆగే వీల్లేదే.

సుజాత: ఆగొద్దు. అనుమానముంటే భర్త రక్తం అదే రోజు తీయాల. ఇద్దరూ క్యారియర్లయితే 11 వారాల నుంచి మాయ ముక్క తీసి బిడ్డకుందో లేదో చూడొచ్చు. ఫలితాలు మాత్రం జనంలో పేరు పిలిచి చెప్పొద్దు. చిన్న దీవిలో ఆ మాట పొద్దుగూకేలోగా పెళ్ళిసంబంధాల దాకా పోతాది. ఆడపిల్ల మీదే పడతాది.

శీను: భర్త వేటకి పోయుంటే?

సుజాత: పడవలు ఏ పొద్దుకి తిరిగొస్తాయో అడిగి క్యాంపు అప్పుడే పెట్టు. ఆ ఐరన్ మాత్రలు కూడా...

శీను: అక్కా, ఛార్జింగు అయిపోతా ఉంది, ఆపుతా ఉండా.