ముందు ఆ ప్యాంటు మార్చుకోండి సార్

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న విలేకరి మిత్రులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు 'సాహసి' అన్నారు. ఆ మాట విన్నాక కెమెరాలు, మైకుల గురించి రాసుకొచ్చిన కాగితం తీయబుద్ధి కావడం లేదు. జేబులోనే ఉండనివ్వండి.

కొన్నేళ్ల కిందట డాక్యుమెంటరీ షూటింగ్ కోసం భద్రాచలం నుంచి చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ బయల్దేరాం. తెల్లారి ఐదింటికి లాడ్జి ముందు బైకు మీద ఒక స్థానిక కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే కుర్రాడు. నమస్తే కూడా చెప్పకుండా నా కాళ్ల వైపు చూసి, "ముందు ఆ ప్యాంటు మార్చుకోండి సార్" అన్నాడు. ఆలివ్ గ్రీన్ ప్యాంటు. జేబులు ఎక్కువని నాకు ఇష్టం. అడవిలో ఆ రంగు చూస్తే దళం వాళ్లు పోలీసనుకుంటారు, పోలీసులు దళమనుకుంటారు. చివరికి అతని తమ్ముడి ట్రాక్ ప్యాంటుతో నాలుగు రోజులు తిరిగాను. చీలమండల దాకా కూడా రాలేదది.

ఏ ఊళ్లో ఎవరిని ముందు పలకరించాలి, కెమెరా ఎప్పుడు సంచిలో పెట్టాలి, అన్నీ అతనే. రోజుకు పదిహేను వందలిచ్చాం. టైటిల్స్‌లో చివర అతని పేరు వేస్తే, నిడివి ఎక్కువైందని ఛానల్ వాళ్లు కోసేశారు. నేను గొడవ పడలేదు. అసలు పేరు వేస్తే అతనికి ప్రమాదమా అని అడగనూ లేదు. మేం నాలుగో రోజు వచ్చేశాం. అతని ఇల్లు అక్కడే కదా!

ముకేశ్ చంద్రాకర్ గురించి మీకు తెలుసు. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లో 'బస్తర్ జంక్షన్' యూట్యూబ్ ఛానల్ నడిపిన కుర్రాడు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలోని సీఆర్పీఎఫ్ కమాండోను తీసుకురావడానికి అడవిలోకి వెళ్లిన వాళ్లలో అతనూ ఒకడు. అప్పుడు క్షేమంగా తిరిగొచ్చాడు. గంగాలూరు వైపు రోడ్డు నాసిరకమని 2024 డిసెంబరులో వార్త బయటపెట్టాక, 2025 జనవరి 1న మాయమయ్యాడు. 3న సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. పైన కొత్తగా కాంక్రీటు పోసి ఉంది. ప్రధాన నిందితుడని పోలీసులు చెప్పిన కాంట్రాక్టరు దొరికింది ఎక్కడ? మన హైదరాబాద్‌లో!

మాఫియా అంటే మనకు ముంబై డాన్‌లే గుర్తొస్తారు. జిల్లాల్లో దాని పేరు టెండరు, కంకర, బిల్లు.

ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ 2023లోనే జర్నలిస్టుల రక్షణ బిల్లు పాస్ చేసింది. పాసయింది, సరే.

మా సినిమా వచ్చిన నెలకు, నా ప్యాంటు మార్పించిన ఆ కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. "టీ కొట్టు దగ్గర ఎవరో అడిగారు సార్, ఆ వీడియో తీయించింది నువ్వేనా అని." నేనేమన్నానో తెలుసా? "టెన్షన్ పడకు తమ్ముడూ." ఏసీ గదిలో కూర్చుని!

ఇక్కడ కంట్రిబ్యూటర్లు ఎంతమంది? చేతులెత్తండి. వెనక గోడ పక్కన నిలబడ్డ బాబూ, నీకు రోజుకెంత ఇస్తున్నారు? మైకు అతనికివ్వండి. పర్లేదు, గట్టిగా చెప్పు.