రైలు కన్నా ముందే ఉన్న కొండ: బేస్‌మెంట్ లేఅవుట్ పనులు

అందరికీ నమస్కారం. మా బేస్‌మెంట్‌లోని మోడల్ రైల్వే లేఅవుట్‌కు కొండలు కట్టే పనిని ఈ వారాంతపు వీడియోలో చూపిస్తున్నాను. పట్టాలు, వైరింగ్ పూర్తయ్యాయి, రైళ్లు సాఫీగా తిరుగుతున్నాయి. కానీ వాటి చుట్టూ ఉన్నది ఇప్పటికి వట్టి ప్లైవుడ్డే.

నిజ జీవితంలో కొండ ముందు పుడుతుంది, రైలు ఎంతో కాలం తరువాత వస్తుంది. మన పని మాత్రం తలకిందులుగా సాగుతుంది: పట్టాలు వేసుకున్న తరువాత వాటి మీద కొండను నిలబెడతాం. అందుకే చాలా లేఅవుట్లలో సొరంగం ఉన్న గుట్ట రైలుకు పెట్టిన టోపీలా కనిపిస్తుంది. పక్క నుంచి సులువుగా చుట్టి వెళ్లగలిగిన గుట్టను పనిగట్టుకుని తొలిచే ఇంజనీరు ఎక్కడా ఉండడు కాబట్టి, సొరంగం ముఖద్వారానికి రెండు వైపులా కొండ చాలా దూరం సాగాలి, దాని పైన కూడా తగినంత ఎత్తు ఉండాలి.

ఎత్తు దగ్గరే అసలు చిక్కు వస్తుంది. నాది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87; ప్రతిదీ అసలు సైజులో 87వ వంతు ఉంటుంది. ఈ లెక్కన 1,000 మీటర్ల పర్వతాన్ని ఉన్నదున్నట్లు కట్టాలంటే 11 మీటర్లకు పైగా ఎత్తు కావాలి. మనం ఎంతో గొప్పగా లేపిన 60 సెంటీమీటర్ల శిఖరం నిజానికి 52 మీటర్ల గుట్ట మాత్రమే. కాబట్టి కన్నును కొంత మాయ చేయక తప్పదు. ముందు వైపు చెట్లు పెద్దవిగా, శిఖరం దగ్గర చెట్లు వాటిలో సగం కన్నా చిన్నవిగా పెడితే దూరం పెరిగినట్లు ఉంటుంది. వెనుక గోడ మీద గీసే కొండల వరుసలను దూరం పోయేకొద్దీ నీలంగా, పాలిపోయినట్లు వేయాలి. ఇంతకన్నా బలమైన ఉపాయం పట్టాల కింద కూడా లోతు చూపించడం. అమెరికాలో జాన్ ఆలెన్ తన ‘గోరీ అండ్ డిఫీటెడ్’ లేఅవుట్‌లో కొండలను గది నేల నుంచి పైకప్పు దాకా లేపి, రైలును ఆ చరియల నడుమ నడిపించారు. 1973లో ఆయన మరణించిన కొద్ది రోజులకే అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మిగిలిన ఫొటోలు చూస్తే మాత్రం, పట్టాల కింద కనిపించే లోయే పైనున్న కొండకు ఎత్తు ఇస్తోందని అర్థమవుతుంది.

ఇక కట్టడానికి వద్దాం. గుళ్లు గుళ్లుగా రాలిపోయే తెల్ల థర్మాకోల్ కాకుండా, ఇళ్ల గోడలకు చలి రాకుండా వాడే గట్టి ఫోమ్ పలకలను తీసుకుని, ఒకదాని మీద ఒకటి మెట్లుగా పేర్చి, వేడి తీగతో వాలు తీస్తున్నాను. ఆ పొగ పీల్చడం మంచిది కాదు కాబట్టి కిటికీ తెరిచి, ఫ్యాన్ పెట్టుకోవాలి. సాల్వెంట్ ఉన్న జిగురు ఫోమ్‌ను కరిగించి గుంతలు చేస్తుంది. తెల్ల జిగురుతో ఆ ఇబ్బంది లేదు గానీ, రెండు పలకల మధ్య గాలి ఆడదు గనుక అది ఆరడానికి చాలా ఓపిక పట్టాలి.

కొండను మూసేసే ముందు మీ దగ్గరున్న అతి పొడవైన బోగీని సొరంగంలో నడిపి చూడండి. వంపులో దాని నడిమి భాగం లోపలి వైపుకు, చివరలు బయటి వైపుకు పొడుచుకు వస్తాయి. వెనుక వైపున చెయ్యి పట్టేంత దారి కూడా తప్పకుండా వదలండి, ఎందుకంటే బండి పట్టాలు తప్పేది ఎప్పుడూ చెయ్యి అందని చోటే.

ఆ తరువాత పట్టాలకు టేపు అంటించి, ప్లాస్టర్ పట్టిన గుడ్డను నీటిలో ముంచి రెండు పొరలుగా పరుస్తాను. రాళ్ల కోసం రబ్బరు అచ్చులో ప్లాస్టర్ పోసి, అది సగం గట్టిపడగానే అచ్చుతో సహా కొండకు అదిమి, వెచ్చబడే వరకు పట్టుకుని, నెమ్మదిగా ఒలిచేస్తాను. ఒకే అచ్చును పక్కపక్కన వాడితే కన్ను ఇట్టే పట్టేస్తుంది. దాన్ని తిప్పి వాడవచ్చు గానీ, రాతి పొరల వాలు మాత్రం పట్టాలకు ఇరువైపులా ఒకే దిశలో ఉండాలి. రైలు కోసం తొలిచింది ఒకే కొండను అని చెప్పే సాక్ష్యం అదొక్కటే; చాలామంది పట్టించుకోనిదీ అదే.

ఇప్పుడు కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, చూడండి. బాగా పలుచన చేసిన పసుపు మట్టి రంగును అక్కడక్కడా మచ్చలుగా అద్దాను. మిగిలిన చోట్ల ముదురు గోధుమ రంగు మచ్చలు వేసి, చివరగా నల్ల రంగు కలిపిన నీటిని పై నుంచి వదిలాను. ఆ నలుపు పగుళ్లలోకి జారి నిలుస్తోంది, మచ్చల అంచులు కలిసిపోతున్నాయి. తడిగా ఉన్నప్పుడు ఇది భయపెట్టేంత ముదురుగా ఉంటుంది కానీ, ఆరితే చాలా తేలికపడుతుంది కాబట్టి తొందరపడి తెలుపు వేయకండి. బాగా ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత బూడిద రంగును రాతి మొనల మీద రాస్తే చాలు. ఈ పనంతా లేఅవుట్ మీద వెలిగే బల్బుల కిందే చేయాలి, లేకపోతే రంగు మారిపోతుంది.

గడ్డిని నిటారు రాతి మీద కాకుండా, మట్టి నిలిచే అంచుల మీదే వేయాలి. చరియల అడుగున రాలిన రాళ్లు కూడా కావాలి. విరిగిన ప్లాస్టర్‌ను జల్లెడ పట్టి, సన్న పొడిని పైన, పెద్ద ముక్కలను కింద వేయండి, ఎందుకంటే దొర్లే బండలే ఎక్కువ దూరం పోతాయి. వీటిని ముందు ఆల్కహాల్ స్ప్రేతో తడిపి, నీళ్లలో పలుచన చేసిన తెల్ల జిగురును చుక్కలుగా వదిలితే, అది రాళ్లను కదపకుండా లోపలికి ఇంకుతుంది. పూర్తిగా ఆరిన తరువాతే టేపు తీసి, పట్టాలు తుడిచి, రైలును వదలండి. చెట్ల పని వచ్చే వీడియోలో చూద్దాం.