ముందు ఫిల్లర్ ప్లగ్గు, తర్వాతే డ్రెయిన్ ప్లగ్గు: డిఫరెన్షియల్ ఆయిల్‌పై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఆఫ్-రోడ్ బళ్ల మీద మీ సందేహాలు తీర్చే ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఈ రోజు సైడ్-బై-సైడ్ బండి (పక్కపక్కన కూర్చుని నడిపే నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండి) డిఫరెన్షియల్‌లో, అంటే పవర్‌ని ఎడమ కుడి చక్రాలకి పంచే గేర్ల డబ్బాలో, ఏ ఆయిల్ పోయాలి, ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి అన్నది మాట్లాడుకుందాం. ఈ బళ్లు రిపేరు చేసే సీనియర్ మెకానిక్ గారు మనతో ఉన్నారు. నమస్కారం సార్.

మెకానిక్: నమస్కారమండీ.

యాంకర్: అప్పుడే లైన్లో ఒకరున్నారు. హలో, చెప్పండి.

మొదటి కాలర్: నమస్తే సార్. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. ఆయిళ్లన్నీ మార్చేద్దామనుకుంటుంటే, మా ఫ్రెండ్ ఒక గేర్ ఆయిల్ డబ్బా తెచ్చి, ముందు డిఫరెన్షియల్‌కీ వెనక దానికీ గేర్‌బాక్సుకీ అన్నింటికీ ఇదే పోసెయ్ అంటున్నాడు. పోయొచ్చా?

మెకానిక్: ఆ డబ్బా మూత అప్పుడే తీయకండి. ఈ బళ్లలో గేర్లున్న ప్రతి చోటికీ ఆయిల్ వేరుగా ఉండొచ్చు. చూడ్డానికి ముందుదీ వెనకదీ ఒకేలా ఉంటాయి గానీ లోపల పని వేరు. మీది ఏ కంపెనీ బండి?

మొదటి కాలర్: పొలారిస్ సార్.

మెకానిక్: అయితే తప్పకుండా ఆగండి. పొలారిస్ ఫోర్-వీల్ డ్రైవ్ బళ్లలో ముందు గేర్‌కేస్‌కి, అంటే ముందు డిఫరెన్షియల్ డబ్బాకి, మామూలు గేర్ ఆయిల్ కాదు, డిమాండ్ డ్రైవ్ అని వాళ్ల ఫ్లూయిడ్ ఉంటుంది, అది పోయమంటారు. ఎందుకంటే అక్కడ చిన్న చిన్న రోలర్లతో పనిచేసే క్లచ్ ఉంటుంది. మీరు ఫోర్-వీల్ స్విచ్ వేస్తే కాయిల్‌కి కరెంటు వెళ్తుంది. వెనక చక్రాలు జారినప్పుడు ఆ రోలర్లు కొద్దిగా జరిగి ముందు చక్రాలకి పవర్ అందిస్తాయి. చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే ఆ రోలర్లు టైముకి పట్టుకోవు, పట్టుకున్నవి టైముకి వదలవు. ఫోర్-వీల్ పాడైందనుకుని జనం వైరింగంతా వెతుకుతుంటారు. తీరా చూస్తే తప్పు ఆయిల్‌ది.

మొదటి కాలర్: అయితే వెనక?

మెకానిక్: మోడల్ని బట్టి మారుతుంది. మాన్యువల్ చివర్లో ఒక టేబుల్ ఉంటుంది. ఏ చోట ఏ ఆయిల్, ఎన్ని మిల్లీలీటర్లు అని ఉంటుంది. మాన్యువల్ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్, ఇయర్ కొట్టి దించుకోండి. ఒక్క పొలారిస్ సంగతే కాదు. హోండా వాళ్లు 80 గ్రేడ్ హైపాయిడ్ ఆయిల్, అంటే పళ్లు జారుతూ రాసుకునే గేర్లకి వాడే ఆయిల్, అంటారు. కవాసాకీ టెరిక్స్ మోడళ్లు కొన్నింటిలో అయితే వెనక బ్రేకు ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అక్కడ ఏదో ఒక గేర్ ఆయిల్ పోస్తే గేర్లు బాగానే ఉంటాయి, బ్రేకు మాత్రం అరుస్తుంది, పట్టు తప్పుతుంది.

యాంకర్: అంటే మీ ఫ్రెండ్ డబ్బా ఫ్రెండ్‌కే ఇచ్చేయండి. తర్వాతి కాలర్, హలో?

రెండో కాలర్: హలో. ఏం బాబూ, నాకొక మాట చెప్పు. నేను ట్రాక్టర్లు, జీపులు నడిపినవాణ్ణి. డిఫరెన్షియల్లో ఎంత చిక్కటి ఆయిల్ పోస్తే గేరుకి అంత రక్ష. మావాడు 75W-90 పోస్తానంటున్నాడు, నేను 140 పోయమంటున్నాను. ఎవరిది రైటు?

మెకానిక్: బాబాయ్ గారూ, ఒకప్పటి బళ్లకి మీ మాట చాలావరకు చెల్లేది. ఇక్కడ మాత్రం మీవాడి బండి మాన్యువల్లో 75W-90 అని ఉంటే మీవాడిదే రైటు.

రెండో కాలర్: 90 అంటే పల్చన కదయ్యా!

మెకానిక్: ఆ నంబరు దగ్గరే అందరూ పొరబడతారండీ. గేర్ ఆయిల్ 90ని ఇంజిన్ ఆయిల్ 40తో పోల్చి రెట్టింపు చిక్కన అనుకుంటారు. ఆ రెండు నంబర్ల కొలబద్దలు వేరు. 100 డిగ్రీల వేడి దగ్గర గేర్ ఆయిల్ 90 చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) లోపు ఉండాలి. ఇంజిన్ ఆయిల్లో 40, 50 గ్రేడ్లు కూడా దాదాపు అక్కడే ఉంటాయి. 140 అంటే 24 నుంచి మొదలు. అంటే 90 కంటే బాగా చిక్కన.

రెండో కాలర్: చిక్కనైతే నష్టమేంటి?

మెకానిక్: చల్లగా ఉన్నప్పుడు కదలదు. డిఫరెన్షియల్లో ఆయిల్ పంపు సాధారణంగా ఉండదు కదండీ, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు కింద ఆయిల్లో తిరుగుతూ పైకి చిమ్మాలి. ఆ చిమ్మే ఆయిలే బేరింగులకి చేరాలి. మరీ చిక్కనైతే స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో పైనున్న బేరింగుకి సరిగ్గా అందదు. ఆ W ముందున్న నంబరు చలిలో ఎలా కదులుతుందో చెప్పేదే. 75W అయితే మైనస్ 40లో కూడా ఒక హద్దు దాటి గట్టిపడకూడదు, 80Wకి ఆ పరీక్ష మైనస్ 26 దగ్గర పెడతారు. పైగా చిక్కటి ఆయిల్‌ని చిలకడానికి పవర్ ఖర్చవుతుంది, ఆ ఖర్చంతా వేడిగా మారుతుంది. కంపెనీవాళ్లే 140 రాసిన చోట నిశ్చింతగా 140 పోయండి. అలాంటివీ ఉన్నాయి.

రెండో కాలర్: సరేలే. వాడికి చెప్పను గానీ, పోయనిస్తాను.

యాంకర్: (నవ్వుతూ) ఆయన రేడియో వింటూ ఉండకపోతే చాలు. ఒక మెసేజ్ వచ్చింది సార్: "డబ్బా మీద GL-4, GL-5 అని ఉంటుంది, పెద్ద నంబరే మంచిదా?"

మెకానిక్: అవి గేర్ ఆయిల్ రకాలండీ. మంచీ చెడ్డా కాదు, వాడే చోటు వేరు. హైపాయిడ్ గేర్లలో పినియన్ అనే చిన్న గేరు పళ్లు క్రౌన్ పళ్ల మీద దొర్లడంతో పాటు గట్టిగా రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే GL-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ కలుపుతారు. వేడెక్కిన చోట అవి లోహంతో కలిసి ఒక పొర కడతాయి. గేర్ ఆయిల్ ఘాటు వాసనకి కారణం ఆ గంధకమే. డబ్బా తెరవగానే వాసన వస్తే పాడైందనుకోవద్దు. ఇత్తడి భాగాలున్న కొన్ని గేర్‌బాక్సులకి మాత్రం ఆ ఘాటు పడదు, అక్కడ GL-4 అడుగుతారు. మాన్యువల్ ఏదంటే అదే.

యాంకర్: ఇంకో కాల్. హలో?

మూడో కాలర్: నమస్తే అండీ. మొన్న వాగు దాటేటప్పుడు బండి కాసేపు ఆగిపోయింది, సీటు కిందిదాకా నీళ్లొచ్చాయి. తర్వాత స్టార్టయి బాగానే నడిచింది. నిన్న అనుమానమొచ్చి వెనక డిఫరెన్షియల్ ప్లగ్గు కొంచెం వదులు చేస్తే పాలు కలిసినట్టు తెల్లటి ఆయిల్ వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

మెకానిక్: చూడటం మంచిదైందమ్మా. లోపలికి నీళ్లు చేరాయి. ఎలా వెళ్లాయో చెప్తాను, ముందుముందు పనికొస్తుంది. అప్పటిదాకా నడిచి డిఫరెన్షియల్ వేడెక్కి ఉంది, లోపలి గాలి కూడా వేడిది. చల్లటి నీళ్లలో దిగగానే ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నింపుకోవడానికి బయటి నుంచి లాక్కుంటుంది. దానికోసమే పైకి ఒక సన్నటి బ్రీదర్ గొట్టం పెడతారు. ఆ గొట్టం కొస నీళ్లలో మునిగినా, గొట్టం ఊడినా నీళ్లే లోపలికొస్తాయి. గొట్టం మట్టితో మూసుకుపోతే ఆయిల్ కారకుండా ఆపే సీల్ అంచు నుంచి పీల్చుకుంటుంది.

మూడో కాలర్: ఇప్పుడు ఒకసారి మారిస్తే సరిపోతుందా?

మెకానిక్: సరిపోదమ్మా. మొదట ఉన్నదంతా దించేయండి. అదే గ్రేడు కొత్త ఆయిల్ పోసి, చక్రాలు నాలుగూ లేపి స్టాండ్ల మీద నిలిపి కాసేపు మెల్లగా తిప్పండి, లేదా చదునైన చోట నెమ్మదిగా కొంచెం దూరం నడపండి. మళ్లీ దించండి. ఇంకా తెల్లగా వస్తుంటే మళ్లీ అదే పని. శుభ్రమైన రంగులో వచ్చేదాకా రెండు మూడు సార్లు పట్టొచ్చు. చాలా బళ్లలో ఒక్కో డిఫరెన్షియల్‌కి అర లీటరు కూడా పట్టదు కాబట్టి మరీ భారమేమీ కాదు.

మూడో కాలర్: డీజిల్ పోసి కడిగేయమన్నారు ఒకరు.

మెకానిక్: నేనైతే వద్దంటాను. మూలల్లో మిగిలిపోయిన డీజిల్ కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్లేట్లు లోపలే ఉండే రకాలైతే ఇంకా నష్టం. ఇంకో మాట, నీళ్లు లోపలికి వెళ్లిన తర్వాత బండిని అలా వారాల తరబడి నిలబెట్టకండి. నడిచిన బండి కంటే నిలిచిన బండిలోనే బేరింగులకి తుప్పు తొందరగా పడుతుంది. ముందు డిఫరెన్షియల్, గేర్‌బాక్సు, డ్రైవ్ బెల్టు ఉండే డబ్బా కూడా చూడండి. సీటు కిందిదాకా నీళ్లొచ్చాయంటే అవీ మునిగినట్టే.

మూడో కాలర్: అవునండీ, అవి చూడలేదు. థాంక్యూ.

యాంకర్: ఇంకో కాలర్. చెప్పండి.

నాలుగో కాలర్: అన్నా, నేను ఇప్పుడు బండి పక్కనే ఉన్నాను. ముందు డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్గు విప్పేశాను, ఆయిలంతా దిగిపోయింది. ఇప్పుడు పైన పోసే ప్లగ్గు రావట్లేదు.

మెకానిక్: అయ్యో తమ్ముడూ! అందుకే ఎప్పుడూ ముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పాలి, అది వదులైందని తేలాకే కింది దాని జోలికెళ్లాలి. సరే, అయిందేదో అయింది. మొదట ఒక్కటి గుర్తుపెట్టుకో, ఆ బండి స్టార్ట్ చేయొద్దు, తాడు కట్టి లాగొద్దు కూడా. చక్రాలు తిరిగితే లోపల గేర్లూ బేరింగులూ ఆయిల్ లేకుండా తిరుగుతాయి. ప్లగ్గు తల ఎలా ఉంది?

నాలుగో కాలర్: అలెన్ కీ రకం. కీ జారుతోంది.

మెకానిక్: ఆ గుంటలో మట్టి గట్టిపడి ఉంటుంది. కీ సగమే దిగుతుంది, తిప్పితే మూలలు అరిగిపోతాయి. సన్నటి సూదిలాంటి పనిముట్టుతో అడుగుదాకా గీకు. కళ్లద్దాలు పెట్టుకో, గాలి కొడితే మట్టి ఎగురుతుంది. కీ సరైన సైజుదే పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు మెత్తగా కొట్టి పూర్తిగా దించు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగు. అప్పటికీ రాకపోతే స్ప్రే శుభ్రంగా తుడిచేసి, ప్లగ్గు చుట్టూ హౌసింగ్‌ని, అంటే డిఫరెన్షియల్ బయటి డబ్బాని, హీట్ గన్‌తో వేడి చెయ్యి. హౌసింగ్ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు అయితే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. మంట మాత్రం పెట్టొద్దు, అక్కడంతా ఆయిల్ ఉంది.

నాలుగో కాలర్: అది కూడా కుదరకపోతే?

మెకానిక్: బ్రీదర్ గొట్టం ఊడదీసి, మాన్యువల్లో రాసిన కొలత సిరింజితో ఆ దారిన పోసి, బండిని మెకానిక్ దగ్గరికి చేర్చు. చాలా నెమ్మదిగా దిగుతుంది, ఓపిక పట్టాలి. డ్రెయిన్ ప్లగ్గుకి అయస్కాంతం ఉందా?

నాలుగో కాలర్: ఉందన్నా. బూడిద రంగు పేస్టులా ఏదో అంటుకుంది.

మెకానిక్: వేళ్లతో రాసి చూడు. మెత్తగా ఉందా, గుచ్చుకుంటోందా?

నాలుగో కాలర్: మెత్తగానే ఉంది.

మెకానిక్: అది మామూలు అరుగుదల. తుడిచెయ్. పలుకులు, గేరు పంటి ముక్కలు వస్తే మాత్రం హౌసింగ్ విప్పి చూడాల్సిందే. కొత్త వాషర్ వేసి డ్రెయిన్ ప్లగ్గు బిగించు. పాత వాషర్ ఒకసారి నలిగిపోయాక మళ్లీ సరిగ్గా ఆపదు. బిగింపు కొలిచే టార్క్ రించి ఉంటే మాన్యువల్ కొలతకి బిగించు. బలం చూపిస్తే అల్యూమినియంలో మర పోతుంది.

నాలుగో కాలర్: ఆయిల్ ఎంతదాకా పోయాలి? నిండి కారేదాకానా?

మెకానిక్: చాలావాటికి బండి చదునుగా ఉండగా రంధ్రం కింది అంచు దాకా. నీ బండి ముందు భాగం జాకీ మీద ఉంటే ఆ లెక్క తప్పుతుంది, దించి చూడు. కొన్ని ముందు గేర్‌కేసులకి మాత్రం కొలిచి పోయమని ఉంటుంది, అక్కడ అంచుదాకా నింపితే ఎక్కువైనట్టే. ఎక్కువైతే నురగ కడుతుంది, వేడెక్కుతుంది, బ్రీదర్ నుంచి కక్కుతుంది. దించిన పాత ఆయిల్ మట్టిలో పోయకు, డబ్బాలో పట్టి రీసైక్లింగ్‌కి ఇవ్వు.

యాంకర్: టైమ్ దగ్గరపడింది, చివరి కాలర్. క్లుప్తంగా చెప్పండి.

ఐదో కాలర్: సార్, యాక్సిల్ దగ్గర సీల్ కారుతోంది. మార్చినా మళ్లీ కారుతోంది.

మెకానిక్: బ్రీదర్ గొట్టం ఊడదీసి ఊది చూశారా?

ఐదో కాలర్: లేదు సార్.

మెకానిక్: అది మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీల్‌ని దాటుకుని వస్తుంది. మట్టి చేరుతుంది, పురుగులు గూళ్లు కూడా కడతాయి. అది బాగుంటే ఆయిల్ ఎక్కువైందేమో చూడండి. అదీ కాకపోతే యాక్సిల్‌ని చేత్తో పైకీ కిందకీ ఆడించండి. బేరింగు లూజైతే ఎన్ని సీళ్లు మార్చినా ఆగదు.

ఐదో కాలర్: ఆయిల్ ఎన్నాళ్లకోసారి మార్చాలి సార్?

మెకానిక్: నెలలొక్కటే లెక్కపెట్టకండి, బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ కూడా చూసి మాన్యువల్ చెప్పిన గడువుకి మార్చండి. కొత్త బండికి మొదటిసారి తొందరగా, తర్వాత కొంచెం ఎడంగా ఉంటుంది. నీళ్లలో మునిగిన రోజు ఆ లెక్క వదిలేసి వెంటనే ప్లగ్గు విప్పి చూడండి.

యాంకర్: థాంక్యూ సార్. నాలుగో కాలర్ తమ్ముడు మళ్లీ లైన్లోకి వచ్చాడట, ప్లగ్గు వచ్చేసిందని చెప్పమన్నాడు. వచ్చే కార్యక్రమంలో డ్రైవ్ బెల్టు గురించి మాట్లాడుకుందాం. నమస్కారం.